ఎవరూ చదివించని కానుకలు

నంబరు మళ్ళీ వచ్చింది. బల్ల మీద అశ్విని ఫోను ఒకసారి వణికి ఊరుకుంది.

గదిలో ఉన్నవాళ్ళంతా ఆ ఫోను వైపే చూశారు. అశ్విని దాన్ని తీసి, తిరగేసి పెట్టి, పైన అరచెయ్యి ఆనించింది.

"సెప్పమ్మా," అన్నాడు మామ కృష్ణప్ప.

"సెప్పను మామా."

"ఇందాకటిది సెప్పలేదు. కొత్త పిల్ల, బెదిరిందిలే అనుకొంటి. ఇది రెండోది."

"మూడోది పంపినా ఇదే మాట."

ఆదోని మార్కెట్ యార్డులో కృష్ణప్ప వేలెత్తితే పత్తి వేలం ఆగుతుంది. ఇంట్లో ఆయన దగ్గితే టీవీ ఆగుతుంది. అలాంటి మనిషికి, పెళ్ళై ఈ ఇంటికి వచ్చి ఇంకా మొదటి శ్రావణం కూడా చూడని కోడలు ఎదురు చెబుతోంది. ఆయనకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

ఎదురుగా ల్యాపుటాపు తెరిచి కూర్చున్న నౌషాద్ గొంతు సవరించుకున్నాడు. ఈ ఇంటి పన్ను లెక్కలన్నీ చూసేది అతనే.

"మేడం, దీంట్లో భయపడేది ఏం లేదు. మీ ఆదాయపు పన్ను రిటర్ను ఎక్కించేసినా. మీ ఫోనుకు వచ్చిన ఆరంకెలు చెబితే మీరు ఒప్పుకున్నట్టు. అంతే."

"ఏది ఒప్పుకున్నట్టు నౌషాదన్నా? అది గూడ సెప్పు."

నౌషాద్ చూపు కృష్ణప్ప మీదికి పోయి వచ్చింది.

"మీ టీచరు జీతం. దాంతో పాటు పెండ్లిలో మీకొచ్చిన కానుకలు. పెండ్లి కానుకలకు పన్ను పడదు మేడం."

"ఎంతొచ్చినాయంట నాకు?"

"పద్దెనిమిది లక్షలు."

"ఆయనకు?" గోడకు ఆనుకుని నిలబడ్డ భర్త వైపు గడ్డం ఎత్తి చూపింది.

"సారుకూ అంతే."

అశ్విని నవ్వింది. "మా పెండ్లిలో సదివింపుల కాడ మైకు పట్టుకొని కూర్చున్నది మా చిన్నాయన. సగానికి సగం నూటపదహార్లే. అన్నీ కలిపినా లక్షకు రాలేదు. మీరు సెప్పే ఈ లక్షలు ఏ మైకులో సదివినారో నాకైతే ఇనపడలేదు."

కృష్ణప్ప కూడా నవ్వాడు. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళు జాగ్రత్తపడాలని యార్డులో అందరికీ తెలుసు.

"నువ్వు బడిలో పిల్లోల్లకు కూడికలు సెప్తావు. ఈ కూడిక గూడ నేర్సుకో. రసీదు లేకుండా పత్తి కొంటాము, రసీదు లేకుండా అమ్ముతాము. ఆ దుడ్డు ఇంట్లో ఉండాది. దానికి ఒక దారి సూపించల్ల. సూపిస్తే జిన్నింగు మిల్లు మనదైతాది. రేపు పొద్దున లోను కోసం బ్యాంకులో మీ ఇద్దరి రిటర్నులు పెట్టల్ల. మిల్లు ఎవురి పేరు మీద కొంటాండాననుకొన్యావు? సగం నీది, సగం వానిది. ఏ మామ సేస్తాడు ఇంత మేలు?"

"అంత మేలైతే మీ పేరు మీదే ఆ కానుకలు సూపించుకోండి మామా."

"నా పెండ్లై ముప్పై ఏండ్లాయె తల్లీ. ఇప్పుడు నాకెవరు సదివిస్తారు?"

నౌషాద్‌కు నవ్వు వచ్చింది. దగ్గులో కలిపేశాడు.

"సూడమ్మా," కృష్ణప్ప గొంతు తగ్గించాడు. "మొగుడూ పెండ్లాలు ఒకటైనంక లెక్క గూడ ఒకటే. మా ఇంట్లో ఎప్పుడూ జంట లెక్కే. ఇన్నేండ్లలో మీ అత్త ఒకనాడన్నా ఏంటికి అని అడిగిందేమో అడుగు."

వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్త ఉమాదేవి తల ఎత్తలేదు.

"నౌషాదన్నా, మన దేశంలో మొగుడూ పెండ్లాలకు కలిపి ఒకే రిటర్ను ఉండాదా?"

"లేదు మేడం," అన్నాడు నౌషాద్. నిజం చెప్పినందుకు తప్పు చేసినవాడిలా కృష్ణప్పను చూశాడు. "ఎవరిది వాళ్ళే వెయ్యాల."

"ఇన్యారు గదా మామా. చట్టానికే మేము ఇద్దరం. నా పేరు మీద అబద్ధం ఎక్కితే రేపు నోటీసు నాకొస్తాది, ఉద్యోగం నాది పోతాది. జంటగా పోదు."

ఉమాదేవి చేతిలో చిక్కుడుకాయ టప్పున విరిగింది.

అప్పుడు గోడ దగ్గర నుంచి ఈరేష్ నోరు విప్పాడు. పొద్దుటి నుంచి అతను అన్న మొదటి మాట అదే.

"నేను నాది ఇచ్చేసినా అశ్వినీ."

"ఏమిచ్చేసినారు?"

"నా నంబరు. నా రిటర్ను అయిపోయింది. నువ్వు స్నానానికి పోయినప్పుడు."

*

అశ్విని మిద్దె మీదికి వెళ్ళింది. ఈరేష్ వెనకాలే వచ్చి మెట్ల తలుపు దగ్గరికి వేశాడు.

నలుగురిలో ఆమె అతన్ని 'మీరు' అంటుంది. తలుపు మూస్తే 'నువ్వు'. పెళ్ళైన మొదటి వారంలోనే ఇద్దరూ నవ్వుకుంటూ చేసుకున్న ఒప్పందం అది. ఇప్పుడు ఆ 'నువ్వు'లో నవ్వు లేదు. ఎండలో ఆరేసిన దుప్పటి అవతల నిలబడి మాట్లాడింది.

"పన్ను సైటు పాస్‌వర్డు అడిగితే ఇచ్చినా. నీ జీతం లెక్క నేనే ఏయిస్తాలే అంటివి."

"అప్పుడు నాకూ అంతే తెలుసు."

"తెలిసిందెప్పుడు?"

ఈరేష్ దుప్పటి అంచు సర్దాడు. సర్దవలసిన అవసరం దానికి లేదు.

"ఈరేష్. ఎప్పుడు?"

"పోయిన వారం."

"వారం. నా పక్కలోనే పండుకొంటివి. సినిమాకు తీసకపోతివి. మిరపకాయ బజ్జీలో ఉల్లిపాయ సరిగ్గా తరగలేదని బండోనితో కొట్లాడితివి. ఆ కొట్లాట ఈడ ఎందుకు రాలేదు?"

"ఆయన నాయనబ్బా. బజ్జీలోడు కాదు."

అశ్వినికి నవ్వు వచ్చినంత పనైంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"సరే. ఒకటి సెప్పు. కానుకలిచ్చినారంటే ఇచ్చినోళ్ళ పేర్లు ఉండల్ల గదా. ఎవరి పేర్లు రాసినారు?"

ఈరేష్ మెట్ల తలుపు వైపు చూశాడు.

"ఎవరివి?"

"నా దాంట్లో మా వాళ్ళవి." ఆగాడు. "నీ దాంట్లో మీ వాళ్ళవి."

"మా వాళ్ళా? మగ్గం నేసేటోళ్ళు, కూలికి పోయేటోళ్ళు. వాళ్ళు లక్షలు సదివించినారంటే ఎవరు నమ్ముతారు?"

"ఒక్కొక్కరు నలభై ఐదు వేలు. మీ ఇంటి తట్టు నలభై మంది. వాళ్ళ ఆధార్ జిరాక్సులుండాయి. ఇచ్చినామని సంతకాలుండాయి."

"ఎవరు తెచ్చినారు అవన్నీ?"

ఈసారి ఈరేష్ ఆమె కళ్ళలోకి చూశాడు. "మీ నాయనే పంపినాడు."

పెళ్ళైన మరునాడు ఎమ్మిగనూరులో పుట్టింటి వాళ్ళకు బట్టలు పెట్టిన రోజు అశ్వినికి గుర్తొచ్చింది. వియ్యాలవారి తరఫున కృష్ణప్ప ఇంటింటికీ తిరిగి చీరలు, పంచెలు పెట్టాడు. ఎవరికి అందాయో ఎవరికి అందలేదో తెలియాలని చెప్పి తండ్రి వాళ్ళ ఆధార్ జిరాక్సులు తీసుకున్నాడు. ఒక కాగితం మీద సంతకం, చదువు రానివాళ్ళ దగ్గర వేలిముద్ర. కూలినాలి జనానికి కూడా ఇంత మర్యాద చేసిన మనిషి అని ఆ రోజు ఆమె మనసు నిండిపోయింది. మామ కాళ్ళకు దండం పెట్టినప్పుడు ఏడ్చింది కూడా.

దుప్పటి పక్కకు తోసి కిందికి దిగింది. భుజానికి సంచి తగిలించుకుంది.

"యాడికి?" అన్నాడు కృష్ణప్ప.

"ఎమ్మిగనూరుకు."

ఆయన అడ్డు చెప్పలేదు. "పో. మీ నాయన్నే అడుగు. ఆయన ఇయ్యమంటే ఇస్తావు గదా?"

అదే నవ్వు మళ్ళీ నవ్వాడు. బస్సులో కూర్చున్నంత సేపూ అశ్వినికి ఆ నవ్వే కనిపించింది. ఎమ్మిగనూరులో జవాబు ఏమిటో ఆయనకు ముందే తెలుసు.

*

వీరన్న మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. కూతురు వచ్చి ఎదురుగా నిలబడినా పోగు మోసే నాడె ఆగలేదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు.

"మీ మామ ఫోను సేసినాడు," అన్నాడు.

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

"మా వాళ్ళ ఏలిముద్రలు చీరల కోసం అని సెప్పి తీసుకొంటివి. నీకు తెలిసే."

"అరవాకు పాపా. పక్కింట్లో ఇంటారు."

"ఇననీ. వాళ్ళ పేరు గూడ ఉండాది దాంట్లో."

వీరన్న ఇంకో రెండు పోగులు నేశాడు. తర్వాత మెల్లగా, ఎవరికో చెబుతున్నట్టు మాట్లాడాడు.

"నేను పదేండ్లప్పుడు ఈ గుంతలో కాళ్ళు పెట్టినా. ఎన్ని చీరలు నేసినానో నాకే తెల్దు. ప్రతి చీర మీద ఇంగొకని దుకాణం ముద్ర పడింది. మీ మామ వచ్చి, ఈరన్నా, నీ కూతురు పేరు మిల్లు బోర్డు మీద రాయిస్తానన్యాడు. సగం వాటా అన్యాడు. నా పేరు ఎట్లా యాడా లేదు. నీదన్నా ఉండనీ అనుకొంటి. తప్పా?"

అశ్విని ఈ మాటకు సిద్ధపడి రాలేదు. తండ్రిని డబ్బుతో కొన్నారనో, భయపెట్టారనో అనుకుంది. ఆశ పెట్టారనుకోలేదు. గుంత అంచున కూర్చుంది.

"తప్పు కాదు నాయనా. కానీ బోర్డు మీద నా పేరుంటాది, బోర్డు వెనక దుడ్డు ఆయనది ఉంటాది. రేపు ఎవరన్నా ఆ దుడ్డు యాడిదని అడిగితే, బోర్డు సదివి అడుగుతారు. ఆయన్ను కాదు."

"అట్ల అడిగేటోళ్ళను ఆయన సూసుకొంటాడులే."

"మరి మేనత్తను ఎవరు సూసుకొంటారు?"

ఆ మాటతోనే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. గోనెగండ్ల నుంచి హులిగెమ్మ వచ్చింది. బస్సులో నుంచే అశ్విని ఆమెకు ఫోను చేసింది. ఆమె వీరన్న అక్క. భర్త పోయాక మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలి చేసుకుంటూ, నెలనెలా వచ్చే వితంతు పింఛనుతో నెట్టుకొస్తోంది.

"ఏమ్మే, ఉన్న పళంగా రమ్మంటివి. కలుపు ఇడిసిపెట్టి వచ్చినా. కడుపా?"

"కడుపు కాదత్తా. నువ్వు నా పెండ్లిలో ఎంత సదివించినావు?"

"ఏంటికి, తక్కువైందని మీ అత్త సూటిపోటి మాటలంటాందా? నూటపదహార్లు సదివిస్తి. ఆ రోజు కూలి పోగొట్టుకొంటి. రెండూ కలిపి రాసుకోమను."

"నలభై ఐదు వేలు సదివించినావని రాసినారు."

హులిగెమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. ఒక్క క్షణం తమ్ముడి మొహం చూసింది, మేనకోడలి మొహం చూసింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నా కాడ అంత దుడ్డు ఉండాదని నాకెవరూ సెప్పలేదే. తెలిసుంటే ఈ మోకాలన్నా సూపిచ్చుకొందును."

నవ్వు ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగింది.

"పాపా, నా ఫించను?"

"ఏమైతాదో నాకు గూడ తెల్దత్తా. అంత కానుక ఇచ్చినామెకు ఫించను ఏంటికి అని ఎవరన్నా అడిగితే మాత్రం, ఇయ్యలేదని సెప్పేకి లేదు. ఏలిముద్ర ఉండాది."

హులిగెమ్మ మగ్గం వైపు తిరిగింది. గట్టిగా మాట్లాడలేదు.

"ఈరిగా. ఈ ఏలు పట్టుకొని ముద్ర ఏయించింది నువ్వే గదా. నాకు సదువు రాదని, నువ్వు సెప్తే యాడంటే ఆడ ఏస్తానని తెలిసే గదా."

నాడె ఆగింది.

మగ్గం ఆగిన ఇంట్లో వినిపించే నిశ్శబ్దం అశ్వినికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరైనా చనిపోయిన రోజే అది వినిపించేది.

ఆమె ఫోను తీసింది. ముందు పాస్‌వర్డు మార్చింది. లోపల నౌషాద్ ఎక్కించిన రిటర్ను తన ఒప్పుదల కోసం కాచుకుని ఉంది. పద్దెనిమిది లక్షలు. దాని పక్కనే, ఒప్పుకోని రిటర్నును రద్దు చేసుకునే వీలు కూడా ఉంది. టీచరయ్యాక ప్రతి ఏడూ తన లెక్క తనే వేసుకుంది కాబట్టి ఏది ఎక్కడుందో వెతకనక్కరలేకపోయింది.

"పాపా," వీరన్న గుంతలో నుంచి లేచి నిలబడ్డాడు. "నొక్కేముందు ఆలోసన సెయ్యి. నిన్ను ఈడికి పంపిచ్చేస్తే?"

"పంపిస్తే వస్తా. ఈడ సోటు లేదా?"

వీరన్న మగ్గం దగ్గర, గోడ పక్కన, చిన్నప్పుడు ఆమె పలక పట్టుకుని కూర్చునే జాగా వైపు చూశాడు.

"సోటుండాది," అన్నాడు.

అశ్విని నొక్కింది. పద్దెనిమిది లక్షలు పోయాయి. తన జీతం, బ్యాంకు వడ్డీ, పెళ్ళిలో మైకులో చదివిన నిజం కానుకల్లో తన వంతు. అంతవరకే నింపి మళ్ళీ పంపింది. నంబరు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా తనే వేసుకుంది.

"అయిపాయెనా?" అంది హులిగెమ్మ.

"నాది అయింది."

"నాది కాలేదు. పద ఆదోనికి. నా ఏలిముద్ర నాకు కావల్ల."

"చీర వాపసు ఇస్తావా అత్తా?"

"చీర ఏంటికిస్తా? చీర బాగుండాది. ముద్ర ఒకటి ఇస్తే సాలు."

*

వాళ్ళు ఆదోని చేరేసరికి ఎండ తగ్గింది. నౌషాద్ ఇంకా అక్కడే ఉన్నాడు. బల్ల మీద టీ గ్లాసులు పెరిగాయి.

"ఏమన్యాడు మీ నాయన?" అన్నాడు కృష్ణప్ప.

"సోటుండాదన్యాడు."

ఆయనకు అర్థం కాలేదు. నౌషాద్ మాత్రం ల్యాపుటాపు మీద వేళ్ళు కదిపాడు. పాస్‌వర్డు పనిచేయలేదు. మొహం మారింది.

"పాత రిటర్ను రద్దు సేసినా నౌషాదన్నా. నాది నేను ఏసుకొన్యా. అయిపోయింది."

ఈరేష్ సోఫాలో నుంచి లేచాడు. కృష్ణప్ప లేవలేదు. అరవలేదు కూడా. యార్డులో బేరం చెడిపోయినప్పుడు చేసే పని చేశాడు. మిగిలింది ఏమిటో లెక్క చూసుకున్నాడు.

"వానిదుంది గదా?"

"ఉంది సార్. కానీ..." నౌషాద్ నుదురు రుద్దుకున్నాడు. "ఇద్దరివీ ఒకే పెండ్లి కానుకలు. ఆమె అంత రాలేదని రాసింది. ఈయన వచ్చినాయని రాసినాడు. ఎవరన్నా రెండూ పక్కపక్కన పెడితే మాట్లాడేదానికి మనకేం ఉండదు. ఇరుక్కునేది ఈరేష్ సారే."

కృష్ణప్ప కొడుకు వైపు తిరిగాడు. "ఇన్యావా? నీ పెండ్లాము నిన్ను పట్టిచ్చింది."

"నేను పట్టిచ్చలేదు మామా. మీరు కట్టేసినారు. నేను నా కట్టు ఇప్పుకొన్యా." అశ్విని భర్త వైపు తిరిగింది. "నువ్వు గూడ ఇప్పుకోవచ్చు. సవరించి మళ్ళా ఏసుకొనే వీలుండాది. నౌషాదన్ననే అడుగు."

నలుగురిలో 'నువ్వు' అంది. ఈరేష్ ఉలిక్కిపడ్డాడు. అనేశాక కూడా ఆమె దిద్దుకోలేదు.

"ఉంది సార్," అన్నాడు నౌషాద్, నేల చూస్తూ. "గడువు ఉంది."

"నోరు మూసుకో నౌషాద్," అన్నాడు కృష్ణప్ప. అప్పుడే గుమ్మంలో నిలబడ్డ ముసలామెను చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"నలభై ఐదు వేలు సదివించిన దాన్నప్పా," అంది హులిగెమ్మ. "అంత సదివించిన మనిషికి ఒక కుర్సీ అన్నా ఎయ్యరా ఈ ఇంట్లో?"

కుర్చీ ఎవరూ వేయలేదు. ఉమాదేవి వంటింట్లో నుంచి వచ్చి వేసింది. నీళ్ళ చెంబు కూడా పెట్టింది.

"నా ఏలిముద్ర కాగితం నాకియ్యి. పోతా."

"ఆ కాగితాలు యాడుండాయో రేపు సూద్దాం."

"రేపటి దాకా ఉంటాలే. కలుపు ఎట్లా ఇడిసిపెట్టే వచ్చినా. మాపటికి ఏం కూర?"

"చిక్కుడుకాయ," అంది ఉమాదేవి.

కృష్ణప్ప టీ గ్లాసు పక్కకు తోశాడు. ఒక కోడలు, ఒక కూలి మనిషి. ఇద్దరూ తన గదిలో, తన ముందు. ఏదో ఒకటి తన మాట ప్రకారం జరగాలి. ఇప్పుడే.

"పిల్లోల్లది రేపు తేలుస్తా. ఈ ఇంట్లో రెండు లెక్కలు నడవవు. నడిపేటోళ్ళు బయటికి పోవల్ల, పేర్లు నేనే సెప్తా పొద్దున." నౌషాద్ వైపు వేలు చూపించాడు. "ఆలోపల మా ఇంటామెది మిగిలింది గదా, అది ముగించు. బ్యాంకోల్లకు అది గూడ కావల్ల."

నౌషాద్ మీటలు నొక్కాడు. వంటింట్లో ఉమాదేవి ఫోను మోగింది. కృష్ణప్ప అటు చూడకుండానే చెయ్యి చాపాడు. ఏటా అంతే. ఆమె ఫోను తెచ్చి ఆ చేతిలో పెడుతుంది, ఆయన చదివి నౌషాద్‌కు చెబుతాడు, ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది.

ఉమాదేవి ఫోను తెచ్చింది. చేతిలో పెట్టలేదు. కొంగుతో అద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. తెర మీది అంకెలు చూసింది.

"నౌషాద్, దీంట్లో ఏమి రాసినావప్పా నా పేరు మీద?"

నౌషాద్ ల్యాపుటాపు తెర కొంచెం వంచాడు. "ప్రతి ఏడూ ఉండేదేనమ్మా. చిప్పగిరి కాడ మీ మిరప తోట ఆదాయం. పంట డబ్బుకు పన్ను పడదు."

"నాకు మిరప తోట ఉండాదా?"

ఆమె అద్దాల మీది నుంచి నౌషాద్‌ను చూసింది.

"ఎన్నేండ్లాయె?"

"నేను ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఉందమ్మా."

"నా తోటలో నుంచి ఒక కాయ గూడ నా వంటింటికి రాలేదే. ప్రతి ఏడూ కారం పట్టించేకి అంగట్లో కొంటాండానే." ఆమె గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఆలోచిస్తున్నట్టుంది. "మంచి కాయేనా అది? పొడుగుదా, గుండుదా?"

"ఉమా," అన్నాడు కృష్ణప్ప.

"నాదంటాండారు గదా. సూడొద్దా? సూసొచ్చినాక ఈ నంబరు సెప్తా." ఫోను కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. "ఈరేష్, కారు తీయి నాయనా. చిప్పగిరికి పోదాం. అశ్వినీ, నువ్వు గూడ రా. మీ మేనత్తకు మిరప సేన్లు బాగ తెలిసుంటాయి, ఆమెను గూడ పిల్సు."

"నాకు తెలియని సేనుందా," అంటూ హులిగెమ్మ కుర్చీలో నుంచి లేచింది.

"ఈ పొద్దులో చిప్పగిరికా?" కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన గొంతు పైకి పోయింది. "ఆడ ఏముందని పోతారు?"

ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది. నౌషాద్ కళ్ళు మూసుకున్నాడు. అన్నది ఏమిటో కృష్ణప్పకు తెలిసొచ్చేసరికి అది అందరికీ వినపడిపోయింది.

"అదే సూసొస్తాం," అంది ఉమాదేవి.

ఆమె వెళ్ళి చెప్పులేసుకుంది. హులిగెమ్మ ఆమె పక్కన నిలబడింది. అశ్విని కదలలేదు. భర్తనే చూస్తోంది. పొద్దున గోడకు ఆనుకున్న మనిషి, ఒక్క మాట చెప్పడానికి వారం పట్టిన మనిషి. అతను ఇప్పుడు ఏం చేస్తాడనే దాని మీదే ఈ ఇంట్లో తను రేపు ఉంటుందో లేదో తేలుతుంది. అది ఇద్దరికీ తెలుసు.

కారు తాళాలు కృష్ణప్ప పిడికిట్లో ఉన్నాయి.

ఈరేష్ తండ్రి దగ్గరికి నడిచాడు. నడిచేటప్పుడు భార్య వైపు చూడలేదు, తల్లి వైపు చూడలేదు. ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

"ఏమిరా?" అన్నాడు కృష్ణప్ప.

"తాళాలు నాయనా."

"ఆలోసించుకొని సెయ్యి సాపు. ఈ తాళాలు తీసుకొన్యావంటే మిల్లు లేదు, పత్తి యాపారం లేదు. నువ్వు నాకెవురో నేను నీకెవురో."

కృష్ణప్ప పిడికిలి విప్పలేదు.

ఈరేష్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.